ఫొటో కోసం తవ్విన గుంత

మా ఇంటి ప్లానులో ఇంకుడు గుంతను నైరుతి మూల గీశారు. అది మొదట కనిపెట్టింది మా మామయ్య. ఆయనకు ప్లాను చదవడం రాదు, దిక్కులు చదవడం వచ్చు. "నైరుతిలో గుంతేందమ్మా, ఇంటి యజమాని ఉండాల్నా వద్దా?" అని కాగితం మడిచి నా చేతికిచ్చేశాడు.

ఇది 2024 ఫిబ్రవరి మాట. నెల్లూరు శివారులో మాకు 36 అంకణాల స్థలం ఉంది. మా వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వాళ్ళ లెక్కలో అది సగమే, ఆ లెక్కతో చదవకండి. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను కట్టుకుందామని అనుకున్నాం. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి బస్సెక్కుతారు. బళ్ళో లెక్కలు చెప్పుకునే నాకు ఆఫీసులు, మేస్త్రీలు, కంకర ట్రాక్టర్లు అన్నీ నెత్తిన పడ్డాయి. తోడు మామయ్య.

ప్లాను గీసిన ఇంజినీరుకు 30 వేలు. గుంత సంగతి అడిగితే ఆయన నవ్వారు. "ఏ మూలైనా ఒకటే మేడం. చూపించకపోతే ఆన్‌లైన్‌లో తీసుకోదు, అందుకని పెడతాం." 2017 బిల్డింగ్ రూల్స్, అంతకు ముందు నుంచీ ఉన్న వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, రెండిటి పేర్లూ చెప్పి ఊరుకున్నారు. ఇంకెవరి ప్లానులోంచో ఆ బొమ్మను ఎత్తుకొచ్చి మా దాంట్లో అంటించారని నాకు గట్టి అనుమానం. సెప్టిక్ ట్యాంకుకు అయిదడుగుల దూరంలో ఇంకుడు గుంత గీసే ఇంజినీరు ఉండడు కదా, చూసి గీస్తే.

ఫిబ్రవరి 23న అప్‌లోడ్ చేశారు. మార్చి 6న షార్ట్‌ఫాల్, అంటే సరిచేయాల్సిన లోపాల జాబితా వచ్చింది. ఖాళీ స్థలం పన్ను రెండేళ్ళది బాకీ ఉంది, కట్టండి. ఇంకుడు గుంతను సెప్టిక్ ట్యాంకుకు దూరంగా చూపించండి. మామయ్య మాటకు ఆఫీసు ముద్ర పడినట్టయింది. వారం రోజులు ఆయన్ని పట్టలేకపోయాం.

గుంతను ఈశాన్యానికి మార్చాం. నీళ్ళకు ఈశాన్యం మంచిదని బోరు అక్కడే, సంపు అక్కడే, ఇప్పుడు గుంత కూడా అక్కడే. పన్నెండడుగుల జాగాలో మూడు నీటి వ్యవహారాలు. వాస్తు ప్రకారం వాకిలి వాలు కూడా అటే కాబట్టి నీళ్ళు తమంతట తామే అక్కడికి చేరతాయి. ఆ ఒక్కటీ కలిసొచ్చింది.

మళ్ళీ అప్‌లోడ్ చేసిన కొద్ది రోజులకే, మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. పర్మిషన్లు ఆగవన్నారు, కానీ సంతకం పెట్టాల్సిన వాళ్ళంతా ఎన్నికల డ్యూటీల్లో ఉన్నారు. ప్రొసీడింగ్స్, అంటే పర్మిషన్ కాగితం చేతికొచ్చింది జూన్ 21న. మొదటి అప్‌లోడ్ నుంచి 119 రోజులు. ఫీజులన్నీ కలిపి లక్షా 18 వేలు. కార్మికుల సెస్సు అని నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం అందులో ఉంది, దాన్ని ముందు ఎవరూ చెప్పలేదు. అది కాక, కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం పూచీకత్తుగా రాసిచ్చాం. ఇల్లు ప్లాను ప్రకారం కట్టామని ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్టు, ఓసీ వస్తేనే అది విడుదలవుతుంది. సంతకం పెట్టేటప్పుడు మెట్లు, కిటికీలు, ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకులు గుర్తొచ్చాయి. గుంత గుర్తు రాలేదు.

శ్రావణంలో శంకుస్థాపన చేశాం. అప్పటికి ఉచిత ఇసుక వచ్చింది. ఇసుక ఉచితమే, ట్రాక్టరు బాడుగ కాదు.

అక్టోబరు 14న వాన మొదలైంది. ఆ వాయుగుండం 17 తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటింది. ఆలోపు మా పునాది గుంతలు పద్నాలుగూ నిండిపోయాయి. బడికి సెలవిచ్చారు కాబట్టి నేను గొడుగేసుకుని గట్టున నిలబడి చూస్తూ ఉన్నాను. ఏడుపు రాలేదు కానీ దాని అంచు దాకా వెళ్ళాను. గుంతల్లో కట్టిన ఇనుము కళ్ళ ముందే ఎర్రబడుతోంది. రోజుకు 600 బాడుగకు డీజిల్ మోటరు తెచ్చి నీళ్ళు రోడ్డు మీదికి తోడితే, ఎదురింటి ఆమె వచ్చి "మా గుమ్మంలోకి వస్తుండాయి, మీ ఇల్లు లేవాలంటే మా ఇల్లు మునగాల్నా?" అని అడిగింది. న్యాయమే. మోటరు ఆపేశాం. ఆ నీళ్ళు వాటంతట అవి ఇంకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మేస్త్రి మాత్రం చుట్ట కాలుస్తూ తాపీగా ఉన్నాడు. "ఇది చేనమ్మా. మా నాయన ఈ మళ్ళల్లో మొలగొలుకుల వరి నాటినాడు. నీళ్ళు నిలబడాలనే కదా ఈ నేలలో మడి కట్టింది. ఇప్పుడొచ్చి ఇంకమంటే ఎట్టా ఇంకుతాయి?"

ఇంత స్పష్టంగా చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఆ తొమ్మిది రోజులు పునాదికి వచ్చిన కష్టం అనుకున్నానే గానీ, అదే నేలలో రేపు ఇంకుడు గుంత తవ్వబోతున్నానని అనుకోలేదు.

2025 ఫిబ్రవరిలో పై స్లాబు పడింది. నా రెండో తప్పు అక్కడ జరిగింది. స్లాబు మీద వాన నీళ్ళు దిగడానికి నాలుగు మూలలా నాలుగు పైపులు పెట్టారు. అవి ఎక్కడికి దిగాలో ఇంజినీరు బొమ్మ ఇవ్వలేదు, నేను అడగలేదు, మేస్త్రి తనకు అలవాటైనట్టు నాలుగూ నేల దాకా దించి వదిలేశాడు. మే నెలలో సెట్‌బ్యాకుల్లో కాంక్రీటు పోసి పైన టైల్స్ వేయించాం. మట్టి కనపడకూడదని నేనే పట్టుబట్టాను. కొత్తింట్లో బురద ఎవరికి కావాలి?

గుంత మాట మళ్ళీ వచ్చింది ప్రహరీ కట్టేముందు. "జేసీబీ లోపలికి వచ్చేది ఇప్పుడేనమ్మా, తవ్విచ్చేద్దాం" అన్నాడు మేస్త్రి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. అందులో పెద్ద రాళ్ళు, కంకర, పైన ఇసుక. మొత్తం 8 వేలు. "ఫొటోకి ఇది చాలు, అందురూ ఇట్టనే చేస్తారు." నాకు తెలిసిన ముగ్గురిని ఫోన్లో అడిగాను. ముగ్గురూ అదే మాట. ఒకావిడైతే ఫొటో తీశాక పూడ్చేసి గులాబీ మొక్క పెట్టానని చెప్పింది. సరే అన్నాను. ఈ ముక్క రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నా.

జూన్ 30న ఓసీకి పెట్టాం. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం రోజు గృహప్రవేశమని ముహూర్తం పెట్టించాం, కార్డులు అచ్చుకిచ్చాం. చేతిలో అయిదు వారాలు ఉన్నాయని ధీమా.

జూలై 11న వార్డు సచివాలయం ప్లానింగ్ సెక్రటరీ వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు, హెల్మెట్ తియ్యకుండానే టేపుతో సెట్‌బ్యాకులు కొలిచింది. మెట్లు చూసింది. ఈశాన్యానికి వచ్చి గుంత దగ్గర నిలబడి ఫొటో తీసింది. నేను ఊపిరి వదిలాను. అప్పుడడిగింది, "మేడం, పైపు ఎక్కడ కలిపారు?"

ఏ పైపు?

"టెర్రస్ మీది నీళ్ళు దీంట్లోకి ఎట్టా వస్తాయి?"

జవాబు లేదు. గుంత ఉంది, పైపులున్నాయి, రెండింటికీ మధ్య ముప్పై అడుగుల టైల్స్ ఉన్నాయి. మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఆ అమ్మాయి వినలేదు, ట్యాబ్‌లో రాసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి మెసేజ్: వర్షపు నీటి పైపులు గుంతకు కలపలేదు, సరిచేసి మళ్ళీ పెట్టండి.

ఆ రాత్రి నాకు వచ్చిన కోపం చెప్పనలవి కాదు. వీధిలో ఎవరింటికీ లేని రూలు మాకేనా అనిపించింది. ఎవరినైనా పట్టుకుని మాట్లాడిద్దామని మా ఆయన ఫోన్లో అన్నారు. ఏ కళనున్నానో, ఒక కాగితం తీసి లెక్క వేశాను. మా టెర్రస్ 1400 చదరపు అడుగులు, అంటే 130 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే 130 లీటర్లు. మా గుంత 64 ఘనపుటడుగులు, 1800 లీటర్లు. కానీ అందులో రాళ్ళు నింపేశాం, రాళ్ళ సందుల్లో నీళ్ళకు మిగిలే చోటు ఎక్కువలో ఎక్కువ నలభై శాతం. అంటే 700 లీటర్ల చిల్లర. అయిదున్నర మిల్లీమీటర్ల వానకే నిండుతుంది. అక్టోబరులో మాకు గంటలో అంతకు మూడింతలు పడుతుంది. నిండాక ఇంకడానికి తొమ్మిది రోజులు.

ఎనిమిదో తరగతి పిల్లలకిస్తే చేసే లెక్క. నాకు పదిహేడు నెలలు పట్టింది.

మరునాడు మామయ్య స్నేహితుడొకాయన్ని పిలుచుకొచ్చాం. భూగర్భ జల శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన గుంత వైపు చూడనేలేదు. ముందు ఎదురింటికి వెళ్ళి (అవును, ఆ ఎదురింటికే) వాళ్ళ చేతిపంపులో నీళ్ళు ఎండాకాలం ఎంత లోతున ఉంటాయి, సంక్రాంతికి ఎంత లోతున ఉంటాయి అని అడిగారు. ఎండల్లో ఇరవై అడుగులు దాటి, డిసెంబరులో ఆరు అడుగుల్లో అని ఆమె చెప్పింది. అప్పుడు మాకు చెప్పారు. పైన బంకమట్టి ఉంది, దాని కింద పెన్నా పాత ఇసుక ఉండవచ్చు. బంకమట్టిలో ఎంత పెద్ద గుంత తవ్వినా అది తొట్టే, ఇంకుడు గుంత కాదు. మట్టి పొరను దాటించి ఇసుక దాకా చిన్న బోరు వేయాలి. అది కూడా మొదటి వానలకే పనిచేస్తుంది. నవంబరు చివరికి కింది నీళ్ళు పైకొచ్చేస్తాయి, అప్పుడు ఎక్కడికీ ఇంకవు. కాబట్టి సగం నీళ్ళు సంపులోకి, సగం గుంతలోకి మళ్ళించుకోండి.

"ఇదంతా రూల్లో ఉందా సార్?" అని అడిగాను.

"రూలుకు మీ నేల సంగతి తెలియదు కదమ్మా."

పని జూలై 16న మొదలుపెట్టాం. ప్రహరీ లేచింది కాబట్టి జేసీబీ రాదు. ముందు వేసిన రాళ్ళు పైకి తీయడానికి ఇద్దరు కూలీలు, రెండు రోజులు. అక్కడి నుంచి పదడుగుల దాకా మనుషులతోనే తవ్వించాం, దానికి 14 వేలు. నాలుగడుగుల సిమెంటు వరలు పది దించాం. రాళ్ళతో నింపకుండా లోపల ఖాళీగా వదిలి, అడుగున రెండడుగులు మాత్రం కంకర, ముతక ఇసుక వేశాం. ఇప్పుడు మూడు వేల లీటర్ల పైచిలుకు పడుతుంది.

గుంత మధ్యలో చేతిబోరు. ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, అడుగుకు 180. పన్నెండడుగుల దాకా నల్లటి జిగట మట్టి, చేతికంటితే కడిగినా పోదు. పదమూడో అడుగులో బోరుతో పాటు పసుపుపచ్చటి ముతక ఇసుక పైకొచ్చింది. ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన పిడికెడు తీసి నా చేతిలో పోసి "పెన్నమ్మ" అన్నాడు. ఆ ఇసుక ఒక గ్లాసులో పోసి దేవుడి గూట్లో పెట్టాను, ఎందుకో అడగొద్దు. 24 అడుగుల వరకు వేసి సందులు కోసిన పైపు దించారు.

ఇక ఘోరమైన పని టైల్స్ పగలగొట్టడం. రెండు నెలల కిందట వేసిన టైల్స్. తూర్పు వైపు రెండు పైపులను నేల కింద నుంచి గుంతకు కలపాలి, పడమటి రెండింటిని ఒక డ్రమ్ములో పెట్టిన ఫిల్టరు గుండా సంపుకు కలపాలి. పైపులకూ ప్లంబర్‌కూ 13,500. డ్రమ్ము ఫిల్టరుకు, మొదటి వాన మురికి బయటికి వదిలే మూతకు 5,600. అన్నీ కలిపి 57 వేలు దాటింది, ముందు గుంతకు పోసిన 8 వేలు కాక. స్లాబు రోజే పైపులు ఎటు దిగాలో అనుకుని, జేసీబీ ఉండగానే తవ్వించి ఉంటే పాతిక వేలలో అయిపోయేదని మేస్త్రే ఒప్పుకున్నాడు. అదే నోటితో "మీరు ముందే చెప్పుంటే..." అన్నాడు. వినిపించనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

ఆగస్టు 1న మళ్ళీ పెట్టాం. గృహప్రవేశం ఓసీ లేకుండానే, పని కోసం తీసుకున్న తాత్కాలిక మీటరు మీదే జరిగింది. పాలు పొంగుతుంటే నా ధ్యాస ఫోను మీదే ఉంది. ఆగస్టు 13న అదే అమ్మాయి వచ్చింది. ఈసారి మామయ్య ఆమె అడగకముందే మేడ మీదికెక్కి రెండు బకెట్ల నీళ్ళు పోశాడు. గుంత మూత తీసి అందరం వంగి చూశాం. కాసేపటికి పైపులోంచి ధార పడింది. ఆమె మొదటిసారి హెల్మెట్ తీసి నవ్వింది. 21న ఓసీ వచ్చింది. పూచీకత్తు విడుదలకు ఇంకో 26 రోజులు.

ఇక్కడితో అయిపోయిందని మీరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

అక్టోబరు 27 నుంచి మొంథా వాన. తుపాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ మాకు వాన ఏమీ తగ్గించలేదు. మొదటి రోజు గుంత తాగింది, నిజంగా తాగింది. మూత ఎత్తి చూస్తే పైపుల్లోంచి పడుతున్న నీళ్ళు పడుతున్నట్టే బోరు దగ్గర సుడి తిరిగి దిగుతున్నాయి. మేం కాఫీ గ్లాసులు పట్టుకుని సినిమా చూసినట్టు చూశాం. 28 మధ్యాహ్నానికి నిండింది. నిండితే రోడ్డు కాలువలోకి పోవడానికి పైన ఒక గొట్టం పెట్టాం కాబట్టి భయం లేదు. సాయంత్రం మామయ్య కేకేశాడు. గొట్టంలో నీళ్ళు వెనక్కి వస్తున్నాయి. మా ఇంటి పని సాగుతుండగానే రోడ్డు కొత్తగా వేసి ఎత్తు పెంచారు, కాలువ మా గొట్టం కంటే పైకి పొంగింది. కాలువ నీళ్ళంటే ఏ నీళ్ళో చెప్పక్కర్లేదు. అవి నేరుగా మా బోరులోకి, అంటే ఎదురింటామె చేతిపంపు ఉన్న అదే ఇసుకలోకి. మామయ్య పంచె ఎగ్గట్టి గోనెసంచి గొట్టంలో కుక్కి, దాని మీద రోలు దొర్లించాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

వాన వెలిశాక గుంత మొత్తం తోడించి, బ్లీచింగ్ వేయించి, గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించాను. వాల్వు 1,900. ఎదురింటికి వెళ్ళి సంగతి చెప్పి, కొన్నాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగొద్దని అడిగాను. సిగ్గుతో చచ్చాను. ఆమె మాత్రం "తాగే నీళ్ళు మేం క్యాను తెప్పించుకుంటాంలే" అని కాఫీ ఇచ్చింది.

గుంత నీళ్ళు పట్టిన టైము రాసిపెట్టాను. తోడించాక, తర్వాతి వానకు పైపుల నుంచి మళ్ళీ నిండింది, ఒకటిన్నర రోజులో ఖాళీ అయింది. తొమ్మిది రోజులెక్కడ, ఒకటిన్నరెక్కడ. సంపులో చేరిన వాన నీళ్ళతో కందిపప్పు మూడు విజిల్స్‌కే మెత్తబడింది, మా బోరు నీళ్ళకైతే ఆరు కావాలి. ఇది ఏ రూల్లోనూ రాయలేదు.

డిసెంబరులో ఆ భూగర్భ జల శాఖ ఆయన చెప్పినట్టే అయింది. మూత తీస్తే అయిదడుగుల కిందే నీళ్ళు, వాన లేకపోయినా కదలవు. మామయ్య ఒక వెదురు కర్రకు అడుగుల గీతలు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున పాలు తెచ్చాక కర్ర ముంచి, పాల లెక్క రాసే క్యాలెండరులోనే పక్కన పెన్సిలుతో వేస్తున్నాడు. డిసెంబరు 20న నీళ్ళు అయిదడుగుల కింద. సంక్రాంతి కనుమ నాడు ఆరు. నిన్న ఆరున్నర.

మేస్త్రి నిన్ననే ఫోన్ చేశాడు. పక్క వీధిలో ఎవరిదో స్లాబు పడబోతోందట. "ఆ చేతిబోరు అన్నదమ్ముల నంబరు పంపీమ్మా. పైపులు ఎట్టా దించాల్నో కూడా ఒకసారి వచ్చి చూపిస్తారా?"